అడ్రసుదారు ఊళ్ళో లేరు

(కందుకూరులో 2024 నవంబరు గ్రంథాలయ వారోత్సవాల్లో, తపాలా శాఖలో పనిచేసి రిటైరైన ఒక సబ్ పోస్టుమాస్టర్ చేసిన ప్రసంగం. ఆయన మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం. మైకు గోల, మధ్యలో కరెంటు పోయినప్పటి కేకలు మాత్రం తీసేశాం.)

అధ్యక్షుల వారికి, లైబ్రేరియన్ గారికి, పెద్దలకు, ముందు వరుస కుర్చీలు ఖాళీగా ఉన్నా గోడవారగా నిలబడ్డ పిల్లలకు నమస్కారం. వచ్చి కూర్చోండమ్మా, ఇదేమీ పరీక్ష కాదు.

నాకిచ్చిన అంశం "సొంత రాష్ట్రంలో మనం సంతోషంగా ఉన్నామా?" అని. బయట బోర్డు మీద చూసి నేనే ఒక నిమిషం నిలబడిపోయా. ఇలాంటివి చెప్పడానికి ఎకనామిక్స్ లెక్చరర్లు ఉన్నారు, పత్రికల వాళ్ళు ఉన్నారు. నన్నెందుకు పిలిచారని అడిగితే లైబ్రేరియన్ గారు, "ఎవరెవరు ఊరొదిలి పోయారో మీకు తెలిసినంత ఇంకెవరికి తెలుసండీ" అన్నారు. ఆ మాటకు కాదనలేకపోయా. పామూరులో, కనిగిరిలో, కొన్నాళ్ళు కావలిలో, ఆఖరికి ఇక్కడ, మొత్తం 36 ఏళ్ళు పోస్టాఫీసులోనే గడిచాయి. ఊళ్ళో ఎవరున్నారో పంచాయతీ ఆఫీసుకు తెలుస్తుంది. ఎవరు లేరో పోస్టాఫీసుకు తెలుస్తుంది.

ముందు మిమ్మల్నే అడుగుతా. డబ్బుకు ఇబ్బంది లేదనుకోండి. అవకాశం వస్తే ఈ రాష్ట్రం వదిలి ఇంకో రాష్ట్రానికో దేశానికో వెళ్ళి స్థిరపడతాం అనేవాళ్ళు చేతులెత్తండి.

(చేతులు లేచాయి. నవ్వులు.)

చూశారా. గోడవార చేతులు దాదాపు అన్నీ లేచాయి. కుర్చీల్లో రెండే. మూడోది... మీరు చెయ్యెత్తారా సార్, తల గోక్కుంటున్నారా?

(నవ్వులు.)

ఈ ప్రశ్న నాది కాదు. అమెరికాలో గాలప్ అని సర్వే సంస్థ ఉంది. వాళ్ళు 2013లో తమ 50 రాష్ట్రాల్లోనూ ఇదే అడిగారు. ఇల్లినాయ్ రాష్ట్రంలో సగానికి సగం, 50 శాతం మంది, వీలైతే వెళ్ళిపోతామన్నారు. కనెక్టికట్‌లో 49 శాతం. మోంటానా, హవాయి, మెయిన్ రాష్ట్రాల్లో మాత్రం 23 శాతమే. ఇది పేపర్లో చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇల్లినాయ్ అంటే షికాగో ఉన్న రాష్ట్రం. మన పిల్లలు ఆ షికాగోకే గదా వీసా రావాలని మొక్కుకునేది! మనం ఎగబడి ఎక్కుదామని చూస్తున్న బస్సులోంచి సగం మంది దిగుదామని చూస్తున్నారన్నమాట. ఆ సర్వేలోనే ఇంకో ప్రశ్న ఉంది: వచ్చే ఏడాదిలోపు నిజంగా వెళ్తారా అని. అప్పటికి ఆ సంఖ్య బాగా పడిపోయింది. పోవాలనుకోవడం వేరు, పెట్టె సర్దుకోవడం వేరు.

ప్రపంచ దేశాల సంతోషానికి కూడా ఏటా ఒక లెక్క వేస్తున్నారు. ఈ ఏడు 143 దేశాల్లో మనది 126వ స్థానం, ఫిన్లాండ్‌ది మొదటిది. అందులో అడిగే ప్రశ్న ఏమిటంటే, ఒక నిచ్చెన ఊహించుకోమంటారు. అడుగున సున్నా, పైన పది. నీ బతుకు ఎన్నో మెట్టు మీద ఉందో చెప్పమంటారు. నాతో పనిచేసిన ఒక పోస్టుమాన్‌ను సరదాకు అడిగా. ఆయన కాసేపు ఆలోచించి, "కింద నిచ్చెన ఎవురు పట్టుకోనుండారు సార్?" అన్నాడు. నాకు ఆ రిపోర్టు కంటే ఆయన ప్రశ్నే నచ్చింది. కాబట్టి ఈ లెక్కలు ఇక్కడితో వదిలేస్తా.

అసలు "సొంత రాష్ట్రం" అనే మాట దగ్గరే నాకు చిక్కుంది. ఈ ఊళ్ళో ఒక పెద్దాయన ఉన్నారు, 1930లలో పుట్టిన మనిషి. పుట్టిన ఇంట్లోనే ఉంటున్నారు. అదే గుమ్మం, వాకిట్లో అదే వేపచెట్టు. ఆయన పుట్టినప్పుడు ఇది మద్రాసు కింద ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రమైంది, కర్నూలు రాజధాని. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్, హైదరాబాదు రాజధాని. 2014 జూన్ 2 తర్వాత పేరు అదే, రాష్ట్రం చిన్నదైంది. రాజధాని సంగతి నేను ఎత్తను, ఎత్తితే ఈ హాలు రెండు పార్టీలవుతుంది. ఇక జిల్లా చూడండి. ముందు నెల్లూరు. 1970లో కొత్తగా ఒంగోలు జిల్లా అన్నారు. 1972లో దానికే ప్రకాశం అని పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న, 13 జిల్లాలు 26 అయినప్పుడు, మళ్ళీ నెల్లూరు. పార్లమెంటు నియోజకవర్గం లెక్కన చేశారు గదా, మనం నెల్లూరు ఎంపీ కింద ఉన్నాం కాబట్టి అటు పోయాం. ఒంగోలుకు గంట ప్రయాణం, నెల్లూరుకు రెండు గంటల పైమాటే. పెద్దాయన మంచం మాత్రం ఆ వేపచెట్టు కింద నుంచి జానెడు కూడా జరగలేదు.

మా శాఖ గొప్ప ఒకటి చెప్పుకోనివ్వండి. ఇన్ని మార్పుల్లోనూ ఈ ఊరి పిన్‌కోడు మారలేదు. 523తోనే మొదలవుతుంది, అది ప్రకాశం వాళ్ళది. నెల్లూరు వాళ్ళది 524. కలెక్టరు ఒక జిల్లాలో, పిన్‌కోడు ఇంకో జిల్లాలో. అయినా ఒక్క ఉత్తరం దారి తప్పలేదు.

ఆ పెద్దాయన్ను అడిగా: "ఇన్ని రాష్ట్రాలు చూశారు గదా, ఏ రాష్ట్రంలో సుఖంగా ఉన్నారు?" అని. ఆయన నా వైపు పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, "నేను కందుకూర్లో ఉండానబ్బయ్యా. రాష్ట్రాలు వస్తుండాయి, పోతుండాయి" అన్నారు.

మన సంగతి ఇదే అనుకుంటా. రైల్లో పక్కవాణ్ణి "మీది ఏ రాష్ట్రం" అని అడగం. "ఏ ఊరండీ" అంటాం. రాష్ట్రం గుర్తొచ్చేది రేషన్ కార్డు దగ్గర, పిల్లల సీట్ల దగ్గర, ఎన్నికలప్పుడు. పుట్టినరోజు కూడా తేలని రాష్ట్రం మనది. విడిపోయాక కొన్నేళ్ళు జూన్ 2న నవనిర్మాణ దీక్ష అన్నారు. 2019 తర్వాత నవంబరు 1న అవతరణ దినం అన్నారు. అక్టోబరు 1 అనేవాళ్ళు ఇంకొందరు. ఏ తేదీ అయినా పొట్టి శ్రీరాములు గారి విగ్రహానికి దండ మాత్రం పడుతుంది. ఆయన పుట్టింది మద్రాసులో. 58 రోజులు నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబరు 15న పోయిందీ మద్రాసులోనే. ఏ రాష్ట్రం కోసం ప్రాణం ఇచ్చారో ఆ రాష్ట్రంలో ఆయన ఒక్క రోజు కూడా బతకలేదు. 2008లో నెల్లూరు జిల్లాకు ఆయన పేరు పెట్టారు. "సొంత రాష్ట్రంలో సంతోషమేనా" అని ఆయన్ను అడిగే వీలే లేకపోయింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. మీరు పోస్టాఫీసులో ఎప్పుడైనా గమనించారో లేదో, బట్వాడా కాని ఉత్తరం మీద కారణం రాసి వెనక్కి పంపుతాం. తొందరలో ఉన్న పోస్టుమాన్ "అడ్రసుదారు ఊళ్ళో లేరు" అని గీకేస్తాడు. నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. లేరంటే ఏంది? పొలం పోయాడా, తిరుపతి పోయాడా, ఊరే వదిలేశాడా? పోయి వచ్చేవాడైతే ఉత్తరం ఏడు రోజులు ఉంచుదాం, పోయినవాడైతే వెనక్కి కొడదాం. కనుక్కొని రాయి, అనేవాణ్ణి. వాళ్ళు విసుక్కునేవాళ్ళు. ఒకాయన ఒకసారి కనుక్కొని వచ్చి, "సార్, ఆయన పోయినాడో వస్తాడో ఆయనకే తెలవదంట" అన్నాడు. ఆ ఉత్తరం నెలరోజులు నా సొరుగులోనే ఉంది. రూలు ప్రకారం అది తప్పే.

ఇంత చాదస్తం నాకెందుకంటే, తేడా అంతా అక్కడే ఉంది. మన భాషలోనే ఉంది. "ఏం చేస్తున్నావ్ రా?" అంటే ఒకడు "ఊళ్ళోనే ఉంటున్నా" అంటాడు. ఇంకొకడు "ఊళ్ళోనే ఉండిపోయా" అంటాడు. ఇద్దరిదీ ఒకే వీధి, ఒకే కుళాయి నీళ్ళు, ఒకే ఎమ్మెల్యే. మొదటివాణ్ణి సంతోషంగా ఉన్నావా అని అడగక్కర్లేదు, రెండోవాణ్ణి అడగకూడదు. బయటికి పోయినవాళ్ళలోనూ అంతే. "వెళ్ళా" అనేవాడొకడు, "వెళ్ళాల్సి వచ్చింది" అనేవాడొకడు. రాష్ట్రం బాగుందా బాగాలేదా అని సర్వే చేసేవాళ్ళు చేసుకోనీండి. నేనైతే పోదలుచుకుంటే పోగలవా, ఉండదలుచుకుంటే ఉండగలవా అని రెండే అడుగుతా.

ఈ ప్రశ్న ఆడవాళ్ళను ఎవరూ అడగలేదు. ఇక్కడున్న అమ్మల్లో కందుకూర్లోనే పుట్టినవాళ్ళు ఎంతమంది? ఊఁ... నలుగురు. మిగతావాళ్ళంతా పెళ్ళయి వచ్చినవాళ్ళే. 2011 జనాభా లెక్కల్లో పుట్టిన చోటో, ముందున్న చోటో వదిలి వచ్చినవాళ్ళు దేశంలో 45 కోట్ల మంది దాకా తేలారు. అందులో అందరికంటే ఎక్కువ, పెళ్ళి చేసుకొని అత్తగారింటికి పోయిన ఆడవాళ్ళు. వలస అనగానే మనం గల్ఫు విమానం, బెంగుళూరు బస్సు తలుచుకుంటాం. మన ఇంట్లో వంట చేస్తున్న మనిషే వలస వచ్చిన మనిషని తట్టదు. మా ఆవిడది ఉదయగిరి దగ్గర. పెళ్ళయి 40 ఏళ్ళు దాటింది. ఇప్పటికీ "మా ఊళ్ళో" అంటే ఆ ఊరే, "మీ ఊళ్ళో" అంటే కందుకూరు. నేను ఒకసారి, "ఇన్నేళ్ళయింది, ఇది నీ ఊరు కాదా" అన్నా. "ఓటుంది గదా, చాల్లే" అంది.

(నవ్వులు, చప్పట్లు.)

ఇక్కడ నా మాటకు అడ్డం తగిలే మనిషి ఒకాయన ఉన్నాడు, చెప్పకుండా దాటేస్తే దొంగతనమవుతుంది. కనిగిరి వైపు నేను పనిచేసినప్పటి సంగతి. ఆ వైపు నీళ్ళ గురించి మీకు చెప్పక్కర్లేదు. బోరు ఎంత లోతుకు పోతే ఫ్లోరైడు అంత ఎక్కువ. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటితే తాగకూడదంటారు. అక్కడ దాటిన ఊళ్ళు కొల్లలు. పిల్లలకు పళ్ళు పసుపుపచ్చ గారలు. పెళ్ళిచూపుల్లో ఆడపిల్ల నవ్వమంటే పమిట అడ్డం పెట్టుకునేది. పెద్దవాళ్ళకు ఎముకలు బిగుసుకుపోతాయి. నేను చెప్పే ఆయనకు అప్పటికి అరవై కూడా లేవు. మెడ తిరగదు, నడుం వంగదు. పింఛను మనియార్డరు ఇవ్వడానికి పోతే ఇంకు ప్యాడు బల్ల మీద పెట్టి లాభం లేదు. మా పోస్టుమాన్ ప్యాడు ఆయన కళ్ళ ఎత్తుకు పట్టుకునేవాడు, ఫారం అట్ట మీద పెట్టి గోడకు ఆనించేవాడు. ఆయన ఎదురుగా నిలబడి, గోడ మీద బొమ్మ అంటించినట్టు వేలిముద్ర వేసేవాడు. ఒక పది కాగితం కింద పడితే మేం తీసి చేతికివ్వాలి.

కొడుకులిద్దరూ హైదరాబాదులో మేస్త్రీలు. నాన్నను తీసుకుపోయి మూణ్ణెల్లు పెట్టుకున్నారు. మూణ్ణెల్లకే తిరిగొచ్చేశాడు. "ఏందయ్యా, ఆడ హాయిగా ఉండక?" అన్నా. "నీళ్ళు చప్పగా ఉంటాయి సార్ ఆడ. గొంతు దిగవు. మన నీళ్ళకుండే రుచి యాడొస్తది?" అన్నాడు.

ఆ నీళ్ళే ఆయన్ను ఆ స్థితికి తెచ్చాయి. ఆ నీళ్ళే కావాలంటున్నాడు. ఈయన ఉంటున్నట్టా, ఉండిపోయినట్టా? నా పెట్టెలు రెండిట్లో దేంట్లో వేయను? గాలప్ వాళ్ళు వచ్చి అడిగితే, ఇక్కడే ఉంటా అని నూటికి నూరు మార్కులు వేసేవాడు. అంతటితో ఆ ప్రాంతంలో జనం సంతోషంగా ఉన్నారని రాసుకునేవాళ్ళు. అందుకే చెప్తున్నా, జనం సంతోషంగా ఉన్నామంటే ప్రభుత్వాలు ఊపిరి పీల్చుకోకూడదు. మనిషి దేనికైనా అలవాటు పడతాడు. రుచి కూడా పడుతుంది.

వెలిగొండ సంగతి కూడా అందుకే ఎత్తాలి. శ్రీశైలం దగ్గర కృష్ణ వరద నీటిని నల్లమల కొండల కింద నుంచి సొరంగాల్లో తెచ్చే ప్రాజెక్టు అది. ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల మెట్టకు 43.5 టీఎంసీల నీళ్ళు, నాలుగున్నర లక్షల ఎకరాల దాకా సాగు, లక్షల మందికి తాగునీరు అన్నారు. పునాదిరాయి 1996లో పడింది. పక్కపక్కనే రెండు సొరంగాలు, ఒక్కోటి పద్దెనిమిది కిలోమీటర్ల పైన. మొదటిది తవ్వడం 2021లో అయింది, రెండోది ఈ ఏడు జనవరిలో. పునాదిరాయి వేసిన ఏడు పుట్టిన పిల్లాడికి ఇప్పుడు 28 ఏళ్ళు. వాడు బీటెక్ చదివి, బెంగుళూరులో ఉద్యోగం వెతుక్కొని, అక్కడే అపార్టుమెంటుకు అడ్వాన్సు కూడా ఇచ్చి ఉంటాడు. వాడి తాత పొలానికి మాత్రం ఇంకా కాలవ నీళ్ళు రాలేదు. వాడు "వెళ్ళా" అంటాడా, "వెళ్ళాల్సి వచ్చింది" అంటాడా?

మన జిల్లాల్లో ఇంకో వింత కూడా ఉంది. మనవాళ్ళు పనికి బయటికి పోతుంటే, బయటివాళ్ళు పనికి మన దగ్గరికొస్తున్నారు. చీమకుర్తి క్వారీల్లో నల్ల గ్రానైటు, అదే గెలాక్సీ అంటారు, నల్లటి రాయిలో నక్షత్రాలు మెరుస్తాయి, ఆ రాయి కోసేవాళ్ళలో ఒడియా మాట్లాడేవాళ్ళు ఉన్నారు, హిందీ వాళ్ళు ఉన్నారు. రొయ్యల చెరువుల మీద కూడా అంతే. కావలిలో ఉండగా ఒక ఒడియా కుర్రాడు నెలనెలా మనియార్డరు కట్టేవాడు. తెలుగు రాదు, ఇంగ్లీషు రాదు. ఊరి పేరు నోటితో చెప్తే నేను తెలుగులో రాసుకొని, తర్వాత ఇంగ్లీషులో నింపేవాణ్ణి. మూడో నెలకు వాడే నన్ను "అన్నా, భోంచేశావా" అన్నాడు. మనం పొమ్మనుకునే చోటికి వాడు రావాలనుకొని వచ్చాడు. వాడికి సంతోషంగా ఉందా అంటే, నాకు తెలిసిందల్లా వాడు ఒక్క నెల కూడా డబ్బు కట్టడం మానలేదని.

మనియార్డరు అంటే ఈ పిల్లలకు తెలియదు. 2015లో ఆ పాత పద్ధతి ఎత్తేశారు. ఫారం కింద భాగంలో చిన్న ముక్క ఉండేది, కబురు రాసుకోవడానికి. ఇరవై రూపాయలకు ఒక రూపాయి కమిషను, కబురు మాత్రం ఉచితం. పామూరులో ఒకావిడ ఉండేది. భర్త బెంగుళూరులో కాంక్రీటు పని. నెలకు ఆరొందలో ఏడొందలో వచ్చేవి. ఆమెకు చదువు రాదు. పోస్టుమాన్ కబురు చదివితేనే వేలిముద్ర వేసేది. ఆ కబురెప్పుడూ ఒకటే: "నేను బాగున్నా." రెండు మాటలు. ఒక నెల డబ్బులొచ్చాయి, ముక్క మీద ఏమీ లేదు. ఆమె డబ్బు పుచ్చుకోనంది. "బాగుంటే బాగున్నా అని రాసేవోడే గదా" అని ఆఫీసుకే వచ్చి మెట్ల మీద కూర్చుంది. ఎస్టీడీ బూతు నుంచి వాళ్ళ మేస్త్రీకి ఫోన్ చేయించాం. సెంట్రింగు చెక్క పడి అతని కుడి చెయ్యి విరిగింది. ఫారం ఇంకెవరితోనో నింపించాడు. కబురు రాయమనడానికి మొహమాటపడ్డాడట.

ఇంకో సంగతి, పోయినవాడి పేరు కూడా మారిపోతుంది. మన ఒంగోలు ఎద్దును చూడండి. సముద్రం దాటి బ్రెజిల్ పోయింది, అక్కడ కోట్లలో పెరిగింది, ఇప్పుడు వాళ్ళ పశువుల్లో ఎక్కువ భాగం దాని సంతతే. అక్కడ దాని పేరు నెలోర్. 1904లో గుంటూరు జిల్లా పుట్టేదాకా ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. అందుకని ఒంగోలువాళ్ళూ, నెల్లూరువాళ్ళూ ఆ ఎద్దు మాదంటే మాదని కొట్టుకోనక్కర్లేదు. ఇక్కడేమో ట్రాక్టర్లు వచ్చాక మేలుజాతి గిత్తను చూడాలంటే పండగ బండలాగుడు పోటీలకు పోవాలి.

పోలేనివాళ్ళ సంగతి చెప్పి ముగిస్తా. కలిగిరి మండలం దూబగుంట. 1992లో అక్కడ వర్ధినేని రోశమ్మ గారు, తోటి ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. అక్షరాస్యత ఉద్యమంలో పెట్టిన రాత్రి బడికి పోయి, అక్షరాలతోపాటు ధైర్యం కూడా నేర్చుకున్నారు. మొగుడు తాగొచ్చి కొడితే ఆ రోజుల్లో ఆడది ఎక్కడికి పోతుంది? పుట్టింటివాళ్ళు సర్దుకోమంటారు. పట్నం పోవాలంటే పిల్లలు, పశువులు. నా లెక్కలో వాళ్ళు అచ్చంగా "ఉండిపోయిన" వాళ్ళు. దారి లేదు. దారి లేనివాళ్ళే చీపుళ్ళు, కారప్పొడి పట్టుకొని రోడ్డెక్కారు. అది జిల్లా అంతా పాకి, రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం పుట్టి సరిగ్గా నలభై ఏళ్ళు నిండిన రోజు అది. ఎవరూ అనుకొని చేసింది కాదులెండి. ఆ తర్వాత నిషేధాలు, సడలింపులు ఎలా నడిచాయో మీకు తెలుసు. కానీ ఆ రోజుల్లో ఆ వైపు ఊళ్ళలో ఉత్తరాలు పంచిన మా వాళ్ళు చెప్పేవాళ్ళు, ఆడవాళ్ళ నడకే మారిందని. ఊరు మారకముందే, నడక.

అమెరికా మాటతో మొదలుపెట్టా కాబట్టి, నా సొంత గోల కూడా చెప్పాలి. మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు, టెక్సాస్ రాష్ట్రం. ఆ గాలప్ సర్వేలో టెక్సాస్ వాళ్ళు 24 శాతమే వెళ్ళిపోతామన్నది. మావాడు ఆ 24లోవాడా, మిగతా 76లోవాడా అని అడిగితే నవ్వుతాడు, జవాబు చెప్పడు. మేమిద్దరం పోయి నాలుగు నెలలున్నాం. అన్నీ బాగున్నాయి. నాకు తోచేది కాదు. రోజూ మధ్యాహ్నం పోస్టు వ్యాను వచ్చేది. ఆ దేశంలో కార్లన్నిటికీ స్టీరింగు ఎడమవైపు, పోస్టు వ్యానుకు మాత్రం మనలాగా కుడివైపు. దిగకుండానే డబ్బాల్లో ఉత్తరాలు వేసుకుంటూ పోవడానికి. నడిపేది ఒక నల్లజాతి ఆవిడ. నేను వాకిట్లో నిలబడి చెయ్యి ఊపేవాణ్ణి, ఆమె ఊపేది. ఇరవై రోజులకు వ్యాను ఆపి ఏదో అడిగింది. నాకు అర్థమైంది ఒక్క "పోస్ట్‌మాస్టర్" అనే మాటే. కోడలు చెప్పిందట. నేను ఛాతీ మీద చెయ్యి పెట్టుకొని తల ఊపా. ఆమె సెల్యూట్ కొట్టింది. ఆ నాలుగు నెలల్లో నేను నేనుగా ఉన్నది ఆ ఒక్క నిమిషమే.

వాడు అక్కడికి పోవడానికి మా ఆవిడ రొట్టె పట్టింది. నెల్లూరు రొట్టెల పండగ మీకు కొత్త కాదు. మొహర్రం అప్పుడు బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు పుచ్చుకుంటారు. తీరాక మళ్ళీ ఏడు వచ్చి తాము ఇవ్వాలి. హిందువులు, ముస్లిములు అందరూ దిగుతారు. 2011లో విదేశీ రొట్టె పుచ్చుకుంది, వాడు పోయాక తిరిగొచ్చి ఇచ్చేసింది. లెక్క చెల్లు. నాకు అంత నమ్మకం లేదు. నేనెప్పుడూ ఒడ్డున చెప్పుల కాపలా.

ఈ ఏడు జులైలో మళ్ళీ పోదామంది. మోకాళ్ళ నొప్పులు, వద్దన్నా వినలేదు. నీళ్ళలో దిగి బోర్డులు చూసుకుంటూ పోయింది. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, ఆరోగ్య రొట్టె. విదేశీ రొట్టె దగ్గర తోపులాట. అరగంటకు తిరిగొచ్చింది, చీర తడిసి ముద్దయింది, చేతిలో రొట్టె. "ఏం రొట్టె?" అన్నా. అక్కడున్న వాలంటీరు పిల్లాణ్ణి, "తిరిగొచ్చే రొట్టె యాడిస్తారు నాయనా?" అని అడిగిందట. వాడు తల గోక్కొని, "అట్టాంటిది లేదు అవ్వా. ఇల్లు రొట్టె పట్టుకో, దగ్గిరగా ఉంటది" అన్నాడట.

సగం నాకు పెట్టింది. నమ్మకం లేకపోయినా తిన్నా, ఆకలేసింది. రాత్రికి అబ్బాయి ఫోన్ చేస్తే ఉన్నదున్నట్టు చెప్పేసింది. నీ పేరు మీద ఇల్లు రొట్టె తిన్నాం రా అని. వాడు ఎగతాళి చేస్తాడనుకున్నా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "స్థలం ఎక్కడ చూద్దాం నాన్నా, కందుకూర్లోనా, ఒంగోల్లోనా? ఊరికే రేటు కనుక్కో" అన్నాడు.

కనుక్కున్నా. ఆ రేటు విన్నాక ఇంకా వాడికి ఫోన్ చేయలేదు.